దీపం కథ, దారం లెక్క

నేను పుట్టి పెరిగింది డర్బన్‌లో. బడి చదువంతా ఇంగ్లీషులోనే. తెలుగు అరవయ్యో ఏట సొంతంగా మొదలుపెట్టాను. తప్పులుంటే మన్నించండి. ఈ వారం నేను నేర్చుకున్న మాట 'లోలకం'. అంటే అటూ ఇటూ ఊగేది.

ఆదివారాలు గుడిలో సేవ అయ్యాక పిల్లలకు కాసేపు పాఠం చెబుతాను. పోయిన వారం గెలీలియో కథ చెప్పాను. 1583లో ఇటలీలోని పీసా చర్చిలో ఊగుతున్న దీపాన్ని చూశాడట. తన నాడి పట్టుకుని లెక్కపెట్టాడట. పెద్ద ఊపుకీ చిన్న ఊపుకీ ఒకటే సమయం పట్టిందట. నా చిన్నప్పుడు మా మాస్టారు చెప్పిన కథే.

ఈ వారం ఒక పాప అడిగింది: "తాతా, ఇప్పుడు అక్కడున్న దీపం 1587లోది కదా?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్ళి చదివాను. పాప మాటే నిజం. ఆ కథ రాసింది గెలీలియో శిష్యుడు వివియాని, అదీ గురువు పోయిన తరువాత. గెలీలియో స్వయంగా లోలకం గురించి 1602లో ఒక ఉత్తరం రాశాడు. దానికి ఆధారం ఉంది.

మరి నిజం ఎలా తెలుస్తుంది? మనమే చూడాలి. తరువాతి ఆదివారం దారం, ఇనుప నట్లు తెచ్చాను. మీటరు పొడవు దారానికి ఒక నట్టు కట్టి, కొంచెం పక్కకు లాగి వదిలాం. పోయి వస్తే ఒక ఊపు. పది ఊపులకు దాదాపు 20 సెకన్లు. మూడు నట్లు కట్టినా అంతే! పిల్లలు నమ్మలేదు, మళ్ళీ లెక్కపెట్టారు. సగం సమయం కావాలంటే దారం సగం చేస్తే చాలదు. పావు చేయాలి. 25 సెంటీమీటర్లకు పది సెకన్లు వచ్చింది.

గెలీలియో మాటలో కూడా చిన్న లోటుంది. బాగా వెడల్పుగా ఊగితే సమయం కొద్దిగా పెరుగుతుంది. దాన్ని సరిచేసే దారి చూపింది డచ్చి శాస్త్రవేత్త హైగెన్స్. 1656లో లోలకంతో గడియారం చేయించిందీ ఆయనే. అంతకుముందు గడియారాలు రోజుకు పావుగంట దాకా తప్పేవి. ఆ తరువాత తప్పు సెకన్లకు దిగింది.

1672లో రిషే అనే ఫ్రెంచి ఆయన ప్యారిస్ గడియారాన్ని భూమధ్యరేఖ దగ్గరున్న కయెన్‌కు తీసుకెళ్ళాడు. అక్కడ అది రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. గడియారం చెడిపోలేదు. అక్కడ భూమి ఆకర్షణే కాస్త తక్కువ. భూమి నడుము దగ్గర ఉబ్బి ఉందని న్యూటన్ చెప్పడానికి ఇదీ ఒక ఆధారమైంది.

పిల్లల ముందు నా తప్పు ఒప్పుకున్నాను. మొదట సిగ్గేసింది. ఆ పాప మాత్రం నవ్వి, దారం నా చేతికిచ్చి, "ఇప్పుడు మీరు లెక్కపెట్టండి తాతా" అంది.

తెలుగులోనే లెక్కపెట్టాను. పది దాకా తడబడలేదు.