కిటికీ మనది, బొమ్మ వాళ్లది

యూట్యూబు వీడియోని మన పేజీలో అతికించుకున్నట్టే పాత రాతప్రతుల్నీ అతికించుకోవచ్చు. దీని వెనకున్నది ట్రిపుల్-ఐ-ఎఫ్ అనే ప్రమాణం. 2011లో స్టాన్‌ఫర్డ్, ఆక్స్‌ఫర్డ్, బ్రిటిష్ లైబ్రరీ లాంటివి కలిసి మొదలెట్టాయి. అంతకుముందు ఏ లైబ్రరీ వ్యూయర్ ఆ లైబ్రరీదే.

ఐడియా సింపులే. బొమ్మలు దాచుకున్నవాళ్ల సర్వర్లోనే ఉంటాయి. పేజీల వరస చెప్పే ఓ జేసాన్ ఫైలు ఉంటుంది. మిరడార్ లాంటి వ్యూయర్ దాన్ని చదివి, కావల్సిన ముక్కల్నే తెచ్చి చూపిస్తుంది.

ఫ్రాన్సులో షాటోరూ అనే ఊరి లైబ్రరీలో 15వ శతాబ్దపు రాతప్రతి ఒకటుంది. అందులోని బొమ్మల్ని ఎవరో ఎప్పుడో కత్తిరించుకుపోయారు. కొన్ని పారిస్‌లోని జాతీయ గ్రంథాలయానికి చేరాయి. బిబ్లిస్సిమా ప్రాజెక్టు వాళ్లు ఈ రెంటినీ ఒకే తెరమీద కలిపారు. అసలువి మాత్రం ఎక్కడివక్కడే!

మరి సర్వరే పడిపోతే? 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. స్కాన్ చేసిన రాతప్రతులు నెలల తరబడి అందలేదు. అక్కణ్ణుంచి బొమ్మలు తెచ్చుకునే పేజీల్లో ఖాళీ చట్రాలే మిగిలాయి.

ఇలాంటప్పుడు నాకు సి.పి. బ్రౌను గుర్తొస్తాడు. తాళపత్రాలు ఎక్కడెక్కడున్నాయో జాబితా రాసుకుని ఊరుకోలేదాయన. సొంత డబ్బుతో పండితుల్ని పెట్టి కొత్త ప్రతులు రాయించాడు. చెదలు తినే పుస్తకాన్ని కాపాడేది ఇంకో కాపీయే కదా.

అందుకే మన తాళపత్రాల్ని స్కాన్ చేసేవాళ్లు విడ్జెట్టుతో పాటు డౌన్‌లోడ్ బటన్ కూడా పెట్టాలంటాను. మీరేమంటారు?