సీలేరు కరెంటు, పాట శ్రుతి

1960ల చివర ఎగువ సీలేరు పవర్‌హౌస్‌ మొదలైనప్పటి నుంచి అక్కడి గవర్నర్‌ యంత్రాల పని ఒకటే: లోడు పెరిగితే టర్బైన్‌కు నీళ్లు పెంచడం, తగ్గితే తగ్గించడం, ఫ్రీక్వెన్సీని 50 హెర్ట్జ్‌ దగ్గర నిలబెట్టడం. ఇంట్లో పాట శ్రుతి అప్పట్లో నిజంగానే దీనిమీద ఆధారపడేది. సింక్రనస్‌ మోటారున్న రికార్డ్‌ ప్లేయర్‌ గ్రిడ్‌ వేగాన్నే అనుసరిస్తుంది. ఫ్రీక్వెన్సీ 49.5కు పడితే నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన రికార్డు 33 చుట్లే తిరుగుతుంది. స్వరమూ నూటికి ఒక వంతు దిగుతుంది.

1982లో సీడీ రావడంతో ఆ పెత్తనం పవర్‌హౌస్‌ చేతిలోంచి ఇంట్లోని క్వార్ట్జ్‌ స్ఫటికానికి దక్కింది. సెకనుకు 44,100 నమూనాలు ఏ క్షణాన వెలువడాలో అదే చెబుతుంది. ఆ క్షణాలు అటూ ఇటూ జరగడమే జిట్టర్‌. కాబట్టి ఖరీదైన పవర్‌ కేబుల్‌తో దాన్ని తగ్గించాలనుకోవడం పాత జబ్బు మందును కొత్త జబ్బుకు వాడటమే. కరెంటులోని రొద స్ఫటికాన్ని చెదరగొట్టదా అని అడగవచ్చు. చెదరగొట్టగలదు, కానీ దానికి విరుగుడు గోడ సాకెట్‌ దగ్గర లేదు, స్ఫటికం పక్కనుండే వోల్టేజి రెగ్యులేటర్‌లో ఉంది. పాట కంప్యూటర్‌ నుంచి వస్తుంటే జిట్టర్‌కు మరో విరుగుడు అసింక్రనస్‌ యూఎస్‌బీ: అందులో డేటాను ధ్వనిగా మార్చే డ్యాక్‌ తన గడియారాన్నే నమ్ముకుని, కంప్యూటర్‌ నుంచి తనకు కావలసిన వేగంలో డేటా రప్పించుకుంటుంది.