రాత్రివేళ కట్టిన డబ్బు - ఆగిపోయిన జీతం

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాయమని కార్యదర్శిగారు కోరారు. బ్యాంకులో డబ్బు, ఆగిపోయిన జీతం, ఈ రెండూ మనవాళ్ళకు బాగా తెలిసిన బాధలే. రెండూ కలిసివచ్చే ఒక పాత అమెరికా టెలివిజన్ ముచ్చట రాస్తున్నాను.

అక్కడ ఏబీసీ సంస్థ 1957 నుండి 1962 వరకు 'మావెరిక్' అనే ధారావాహిక ప్రసారం చేసింది. సృష్టికర్త రాయ్ హగిన్స్. బ్రెట్, బార్ట్ అనే అన్నదమ్ములు ఊరూరా తిరుగుతూ పేకాటతో పొట్టపోసుకుంటారు. కౌబాయ్ కథల్లో నాయకుడు తుపాకి తీయడం రివాజు. వీళ్ళు మాత్రం వీలైనంతవరకు తెలివితోనే గట్టెక్కుతారు. బ్రెట్‌గా జేమ్స్ గార్నర్, బార్ట్‌గా జాక్ కెల్లీ నటించారు.

1958 నవంబరు 23న వచ్చిన భాగం పేరు 'షేడీ డీల్ ఎట్ సన్నీ ఏకర్స్'. బ్రెట్ తన 15,000 డాలర్లను రాత్రివేళ, బ్యాంకు మూసిన తరువాత, బ్యాంకరు చేతిలో పెడతాడు. తెల్లవారి అడిగితే నువ్వెవరో నేనెరుగనంటాడు బ్యాంకరు. ఊరి పెద్దమనిషి ముందు జూదరి మాట ఎవరు నమ్ముతారు? బ్రెట్ గొడవ చేయలేదు. కుర్చీ వేసుకుని చెక్క చెక్కుకుంటూ కూర్చున్నాడు. అడిగినవారికల్లా ఆ పనిమీదే ఉన్నానని చెప్పాడు. జనం నవ్వుకున్నారు. ఈలోగా బార్ట్, పాత స్నేహితులు వేరువేరు వేషాలతో ఊళ్ళో దిగారు. షేర్లలో లాభం చూపించి, బ్యాంకరు దురాశకే గాలం వేసి సొమ్ము రాబట్టారు.

తెర వెనుక కథ ఇంకోటి. 1960లో హాలీవుడ్ రచయితలు సమ్మె చేశారు. దాన్ని కారణంగా చూపి వార్నర్ బ్రదర్స్ స్టూడియో గార్నర్ జీతం నిలిపివేసింది. స్టూడియోయే ఒప్పందం మీరిందని ఆయన కోర్టుకెక్కాడు. నిజానికి సమ్మె కాలంలోనూ స్టూడియోకు కథలు అందుతూనే ఉన్నాయి. రచయితల అసలు పేర్లు దాచి డబ్ల్యూ. హెర్మనోస్ అని వేసేవారు. స్పానిష్‌లో హెర్మనోస్ అంటే సోదరులు! 1960 డిసెంబరులో తీర్పు గార్నర్ వైపు వచ్చింది. 1961లో అప్పీలులోనూ నిలిచింది. ఆయన ఆ ధారావాహిక వదిలి సినిమాలకు వెళ్ళాడు. 2014లో కాలం చేశాడు.

బ్రెట్‌కు సాయం రావడానికి కథారచయిత ఉన్నాడు. గార్నర్‌కు అక్కరకొచ్చింది సంతకం చేసిన ఒప్పంద పత్రం. ఫైళ్ళ మధ్య సర్వీసు పూర్తిచేసిన గుమాస్తాగా నాకు రెండో కథే ఎక్కువ నచ్చింది.

అమెరికాలో డిపాజిట్ల బీమాకు 1933లో చట్టం వచ్చింది. మన దేశంలో 1962 జనవరి 1న ఆ బీమా మొదలైంది. 2020 ఫిబ్రవరి నుండి ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటుదారుకు రూ. 5 లక్షల వరకు రక్షణ ఉంది. అయితే అది బ్యాంకు దెబ్బతిన్నప్పటి మాట. డబ్బు కట్టినట్లు కాగితం లేనివారికి ఏ బీమా ఆదుకోదు. కనుక ఎంత తెలిసినవారైనా సరే, కౌంటరు దగ్గరే కట్టండి. రశీదు తీసుకుని, పాసుబుక్కులో పద్దు పడిందో లేదో చూసుకుని ఇంటికి రండి. మీ పిల్లలకూ అదే చెప్పండి.