ఓరుగంటి జమిడికయు, అమెరికా బ్లూస్ గీతమును

వరంగల్లు నగరమున కాశిబుగ్గ యను పేట కలదు. దానికి చేరువనే ఎనుమాముల విపణి యున్నది. పంట చేతికి వచ్చిన దినములలో పత్తి బస్తాల బండ్లు బారులు తీరి నిలుచు తావది. పత్తి పండు నేలకును పాటకును సంబంధమేమని శ్రోతలు ప్రశ్నింపవచ్చును. సముద్రములకు ఆవల, అమెరికా దేశపు దక్షిణ భాగమున, మిసిసిపీ నదీప్రాంతమున నొక పత్తినేల యున్నది. అచ్చటి నీగ్రో జనులు తరతరములు బానిసలై పత్తి యేరిరి. 1865లో బానిసత్వము చట్టరీత్యా రద్దయినను, పాలికాపుతనము, తీరని యప్పు వారిని ఆ చేలకే కట్టివేసెను. అట్టి వారి నోట పంతొమ్మిదవ శతాబ్ది చివర నొక పాట పుట్టినది. దానికి బ్లూస్ అని పేరు. నీలివర్ణమును దిగులునకు గుర్తుగా వాడుట ఇంగ్లీషువారి నుడికారము. కావున బ్లూస్ అనగా దిగులుపాట యని అర్థము.

అయితే ఈ పేరు సగము సత్యము మాత్రమే చెప్పుచున్నది. దిగులును పెంచుకొనుటకు ఎవడును పాట పాడడు. వాడు పాడునది దిగులును దింపుకొనుటకు. బ్లూస్ పాట కట్టుబడిని చూచిన ఈ సంగతి బోధపడును. సామాన్యముగా అందు మూడు పాదములు. మొదటి పాదమున గాయకుడు తన కష్టము చెప్పును. రెండవ పాదమున దానినే మరల చెప్పును. వినువాడు ఇక నేమగునో యని ఎదురుచూచుచుండగా మూడవ పాదమున జవాబు వచ్చును. ఆ జవాబు తరచుగా చమత్కారము, ఒక్కొక్కప్పుడు ధిక్కారము. పాదము ముగిసి గొంతు ఆగిన ప్రతిచోట గిటారు బదులు పలుకును. దుఃఖము చెప్పినవానికి ఎవరో ఊకొట్టినట్లుండును. వాయిద్యము ఊకొట్టినంతనే మనిషి ఒంటరివాడు కాడు గదా!

1912లో డబ్ల్యు. సి. హాండీ యను సంగీతజ్ఞుడు మెంఫిస్ బ్లూస్ అను కృతిని అచ్చొత్తించెను. 1920లో మామీ స్మిత్ అను గాయని పాడిన రికార్డు విపరీతముగా అమ్ముడుపోగా, రికార్డు కంపెనీల కన్ను ఈ పాటపై పడినది. పేరు మోసిన వారి కథ లోకమెరిగినదే. నాకు ప్రియమైనవారు పేరు మోయని మేళములవారు. మెంఫిస్ జగ్ బ్యాండ్ అనునొక మేళము 1927 నుండి రికార్డులిచ్చెను. జగ్ అనగా కూజా. వారు కూజా మూతిలోనికి పెదవులదరించి ఊది మంద్రస్వరము పుట్టించెడివారు. ధనము లేనివాడు కొనదగిన వాద్యమది. మిసిసిపీ షేక్స్ అనునది మరియొక మేళము. చాట్మన్ కుటుంబపు సోదరులు ఫిడేలు, గిటారు పట్టి విందులలో వాయించెడివారు. 1930లో వారు రికార్డు చేసిన ఒక పాటలో ప్రియురాలు విడిచిపోయినవాడు తాను లోకపు శిఖరముపై కూర్చున్నానని చెప్పుకొనును. ఇది బడాయియా, ఓదార్పా, నిజమైన ధైర్యమా? మూడును కలిసిన దని నా అభిప్రాయము.

ఇక మన యోరుగంటికి వత్తము.

కాకతీయ రాజ్యము 1323లో కూలినది. ఆ నగర వైభవము తలపున నిలుపుకొనిన గ్రంథము క్రీడాభిరామము. దానిని వినుకొండ వల్లభరాయడు రచించెనని కొందరును, శ్రీనాథుడు రచించెనని కొందరును వాదింతురు. ఆ తగవు మనకిప్పుడు వలదు. అందు గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి యను స్నేహితులిద్దరు ఓరుగంటి వీథుల తిరుగుచు వింతలు చూతురు. వారికి కనబడినది రాజాస్థానపు విద్వద్గోష్ఠి కాదు, వీథి పాట. ఒకచోట పల్నాటి వీరుల గాథ. ఒకచోట జక్కుల పురంధ్రి గానము. ఏకవీరాదేవి యెదుట బవనీల చక్రవర్తి నిలిచి పరశురాముని కథలు పాడుట మరియొకచోట. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రమునకు ఈ గ్రంథమును విరివిగా వాడుకొనిరి. కవి ఆ గాయకునికి చక్రవర్తి యని బిరుదిచ్చినాడు కాని, అతని తల్లిదండ్రులు పెట్టిన పేరు చెప్పలేదు. నాకిది కొరతగానే తోచును.

ఏకవీరాదేవి పురాతనాలయము వరంగల్లు చేరువ మొగిలిచర్లలో నేటికిని కలదు. బవనీలును నశింపలేదు. బైండ్లవారను పేర తెలంగాణ పల్లెలలో ఎల్లమ్మ కొలుపులు జరిపించుచు, అదే రేణుక కథను, అదే పరశురాముని కథను పాడుచున్నారు. అన్ని రాజ్యములు మారినవి. ఆ పాట మారిన రాజ్యములన్నిటిని దాటివచ్చినది.

వారి వాద్యము జమిడిక. దాని నిర్మాణము వినదగినది. డొల్లగా నున్న గుండ్రని గొట్టమునకు ఒక వైపున తోలు మూయుదురు. తోలు నడుమ నుండి ఒక నరము తీసి, దాని కొనను చిన్న కర్రకు కట్టుదురు. గొట్టమును చంక నిరికించుకొని, ఆ కర్రను చేత బట్టి నరమును మీటుదురు. నరమును బిగించిన స్వరము పైకి పోవును, వదలిన క్రిందికి జారును. స్వరము మెట్టు మెట్టుగా గాక, ఏడ్చు గొంతువలె జారుచు సాగును. అమెరికా నల్లజాతి పిల్లలు పలకకు ఒక తీగ బిగించి, దానిపై సీసాను జరుపుచు వాయించెడి వాద్యమొకటి కలదు. పెద్ద గాయకులు గిటారు తీగలపై సీసామెడను జార్చుటయు నట్టిదే. ఒకరినొకరు ఎరుగని రెండు జాతులు దుఃఖమును పలికించుటకు జారుస్వరమునే వెదకికొనిరి. ఇందు ఎరువు తెచ్చుకొనినవారు ఎవరును లేరు.

కథ సంగతి చూతము. తండ్రి యాజ్ఞచే కొడుకు తల్లి తల నరకును. ఇంతకు మించిన దుఃఖము కథలలో అరుదు. కాని బైండ్లవాని పాట అచ్చట ఆగదు. తల తెగిన రేణుక ఎల్లమ్మయై ఊరి పొలిమేర కాచును. ఏడ్చుటకు కూర్చున్న ఊరు తెల్లవారునప్పటికి పండుగ చేసికొని లేచును. బతుకమ్మ పాటలలోను ఇదే మర్మము. అత్తింటి ఆరళ్లు, అన్నల యెడబాటు, ఆడుబిడ్డ కన్నీరు వాటిలో కోకొల్లలు. ఐనను ఒకతె చెప్పగా పదిమంది ఉయ్యాలో యని అందుకొని, చప్పట్ల లయకు వలయముగా తిరుగుదురు. కన్నీటి మాట, ఆట అడుగు. బ్లూస్ పాటకు అమెరికా జనులు నాట్యమాడుట చూచి ఆశ్చర్యపడు మనవారు తమ వాకిటి బతుకమ్మను తలచుకొనవలెను.

ఒగ్గుకథలో ఈ విద్య మరింత స్పష్టము. ఒగ్గు అనగా శివుని డమరుకము. మల్లన్న, బీరన్న, ఎల్లమ్మల కథలను ఒగ్గు పూజారులు డోళ్లతో, తాళములతో చెప్పుదురు. ఇంట పెద్ద పోయినప్పుడు దినకర్మనాడు కథ చెప్పించు ఆచారము తెలంగాణమున కలదు. ప్రధాన కథకుడు కరుణరసమున సభను ముంచుచుండగా, వంతపాటవాడు హఠాత్తుగా ఒక కొంటె ప్రశ్న వేయును. ఏడ్చుచున్న ఇల్లాలు నవ్వును. ఆ నవ్వు కథకు భంగము కాదు, కథలో భాగమే. నాగరకులు కొందరు దీనిని మోటుతనమందురు. శోకగృహమున నవ్వు పుట్టించుట ఎంతటి నేర్పో వారెరుగరు. జనగామ ప్రాంతపు మాణిక్యాపురమున 1935లో జన్మించి 2017లో గతించిన చుక్క సత్తయ్యగారు ఈ విద్యకు దేశమంతట పేరు తెచ్చిరి. జనగామ సీమకే చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ బిరుదము వచ్చినది.

వీరిద్దరి పేర్లు తెలిసినవి. వీరి ప్రక్క డోలు కొట్టినవారి పేర్లేవి? బిరుదురాజు రామరాజుగారు, వరంగల్లు సీమవారే, తెలుగు జానపద గేయ సాహిత్యముపై పరిశోధించి 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయము నుండి డాక్టరు పట్టమందిరి. వారి శ్రమ వలన పాటల మాటలు దక్కినవి. మాటలు కాగితమున నిలుచును. జమిడిక జారుడు కాగితమున నిలువదు. పాటకు ధాన్యము కొలిచిన మిరాశీ ఏర్పాటు సడలిన పిదప, వంశ విద్యను విడిచి కూలికి పోయిన కుటుంబములు అనేకము. మేళము విడిపోయిన నాడు దాని బాణియు పోవును. ప్రతి మేళమునకు తన బాణి యుండును గనుక, ఒకటి పోయిన మరియొకటి దాని తావు నింపజాలదు.

మిసిసిపీలో ఒకని విషయమున ఈ నష్టము తప్పినది. జాన్ హర్ట్ యను రైతు 1928లో కొన్ని రికార్డులిచ్చెను. వెనువెంటనే దేశమును ఆర్థిక మాంద్యము ముంచెత్తినది. రికార్డులు అమ్ముడుపోలేదు. అతడు మరల చేనికి పోయెను. 35 వత్సరములు లోకమతనిని మరచినది. అతని పాటలో అవలాన్ అను స్వగ్రామము పేరుండెను. 1963లో ఒక యువకుడు ఆ పేరును పట్టుకొని పోయి చూడగా, ఆ వృద్ధుడు అచ్చటనే పనిచేసికొనుచుండెను! అదే వత్సరము న్యూపోర్టు సంగీతోత్సవమున అతడు పాడెను. మెత్తని గొంతు, తొందర లేని వ్రేళ్లు, కష్టమును తలచియు కక్ష లేని పాట. 1966లో కన్నుమూయువరకు మూడేండ్లు అతనిని జనులు ఆదరించిరి. ఒక మైనపు పళ్లెరముపై గీసిన గీతలే ఇంత పని చేసినవి.

మన మేళములను వెదకుటకు అంత దూరము పోనక్కరలేదు. వరంగల్లుకు చేరువ ఐనవోలు మల్లన్న సన్నిధిని సంక్రాంతి నుండి ఉగాది వరకు జాతర సాగును. ఒగ్గువారు అచ్చటికి ఊరూర నుండి వత్తురు. రంగుల ముగ్గుతో పట్నము వేసి, దాని ముందు నిలిచి రాత్రులు కథ నడిపింతురు. కాశిబుగ్గ నుండి పోవు శ్రోత కథ వినిన పిమ్మట డోలు దించిన వాని చెంతకు పోయి పేరు, ఊరు అడిగి వ్రాసికొనవచ్చును. అతడు సంతోషముగా చెప్పును, తన తండ్రి పేరును, తాత పేరును గూడ చెప్పును.