నాగపురమునుండి లార్డ్సు వరకు: కనకయ్య నాయుడుగారి తొలినాళ్లు

తరతరములుగా పరభాషాప్రాంతములందు కాపురముండు మనవంటి కుటుంబములకు ఒక ప్రశ్న తప్పదు. మనము ఎవరివారము? పేరు వచ్చినప్పుడు ఇరుగడలవారును మావాడే యందురు. రానప్పుడు ఇరుగడలవారును పొరుగువాడే యందురు. ఈ ప్రశ్నకు కొఠారి కనకయ్య నాయుడుగారి తొలినాళ్ల చరిత్రమున సమాధానము దొరకునని మా తలంపు.

నాయుడుగారు 1895 అక్టోబరు 31వ తేదీన నాగపురమున ఒక తెలుగు కుటుంబమున జన్మించిరి. తాతగారు నారాయణస్వామి నాయుడుగారు ఆ నగరమున పేరెన్నికగన్న న్యాయవాది, భూస్వామి. తండ్రి సూర్యప్రకాశరావుగారు కేంబ్రిడ్జిలో చదువుకొన్నవారు. హిస్లాపు పాఠశాలలో చదువుచు, ఏడవయేటనే బాలుడు బడి జట్టులో చోటు సంపాదించెను.

1916లో బొంబాయి చతుర్పక్ష పోటీలలో, యూరోపియనులకు ఎదురుగా హిందువుల జట్టున ఆయన తొలిసారి పెద్ద ఆట ఆడిరి. 79 పరుగులకు ఏడు వికెట్లు పడిన వేళ ఆ యువకుడు బ్యాటు పట్టి బరిలోనికి నడిచెను. మొదటి బంతులను నిదానముగా ఆపి, వెంటనే ఒకదానిని సిక్సరుగా లేవగొట్టెను. సంకటసమయమున వెనుదీయని ఆ తెగువయే కడవరకు ఆయన ఆటకు గురుతైనది.

ఆనాడు జట్లు మతమునుబట్టి ఏర్పడుచుండెను. తెలుగువాడు, మరాఠీవాడు అను భేదము ఆ జట్లలో లేదు; కాని అంతకంటె పెద్ద గోడ యొకటి ఉండెను. ఆ యాచారము దేశమునకు మేలుచేసినదని మేము చెప్పజాలము. 1946తో అది అంతరించుట మంచిదే.

1923లో హోల్కరు మహారాజు ఆహ్వానముపై నాయుడుగారు ఇందూరు చేరిరి. 1926 డిసెంబరున గిల్లిగను నాయకత్వమున వచ్చిన ఎం.సి.సి. జట్టుపై బొంబాయి జింఖానా మైదానమున ఆడి, 116 నిమిషములలో 153 పరుగులు చేసిరి. అందు సిక్సర్లే పదునొకండు. ఆటను నేర్పినవారితో సరిసమానముగ ఆడగలమను ధైర్యము ఆనాడు దేశమునకు కలిగినది. రెండేండ్లకే, 1928లో, భారత క్రికెట్టు బోర్డు ఏర్పడెను.

1932లో ఇంగ్లండునకు వెళ్లిన జట్టునకు పోరుబందరు మహారాజు నాయకుడు. ఆయన తాను తప్పుకొనగా, ఉపనాయకుడు గాయపడగా, జూన్ 25న లార్డ్సు మైదానమున భారతదేశపు తొలి టెస్టు జట్టును నడుపు భారము నాయుడుగారిపై పడెను. తొలి ఇన్నింగ్సున మన పక్షమున అత్యధికమైన 40 పరుగులు ఆయనవే. మనము 158 పరుగుల తేడాతో ఓడితిమి. అయినను తలవంపు లేదు.

ఒక్క సంగతి గమనింపవలెను. అప్పటికి ఆయనకు 36 ఏండ్లు. చురుకైన వయస్సంతయు దేశమునకొక జట్టు లేని కాలముననే గడచెను. తొలి ఆటకును తొలి టెస్టునకును నడుమ పదునారేండ్లు! ఆ నిరీక్షణమున ఆయన బ్యాటు విడువలేదు. అవకాశము లేదని వగచుచు కూర్చుండలేదు.

ఇక మన ప్రశ్నకు వత్తము. జన్మమిచ్చినది నాగపురము; ఆదరించినది ఇందూరు; 1967లో ఆయన కన్నుమూసినదియు అచ్చటనే. కాని 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన యేడే, రంజీ పోటీలలో అడుగిడిన ఆంధ్ర జట్టు పక్షమున, ఏబదియెనిమిదేండ్ల వయస్సున ఆయన ఆడిరి. ఉన్న ఊరికి ఊడిగము చేసినందున పుట్టువేరు తెగిపోలేదు. వేరు తలచినందున ఉన్న ఊరు పరాయిది కాలేదు.

ఇంటిపేరు చెప్పుకొని గర్వించుట సులభము. ఆయనవలె, నిలిచిన నేలకు అక్కరకు వచ్చుట కష్టము. మన పిల్లలకు మొదటిదానికంటె రెండవదానిని నేర్పుదుము గాక. ఆ పాఠమును తెలుగులో నేర్పితిమేని, మనము ఎవరివారమను ప్రశ్న వారిని అంతగా బాధింపదు.