'సహోదర' శబ్దం: యేసు కుటుంబ సంబంధాలపై క్రైస్తవ భిన్నాభిప్రాయాలు

రేణిగుంట పరిసరాల్లో రెండు క్రైస్తవ సంప్రదాయాలు పక్కపక్కనే ఉన్నాయి. 19వ శతాబ్దపు హెర్మన్స్‌బర్గ్ మిషన్‌కు వారసత్వమైన దక్షిణాంధ్ర లూథరన్ సంఘానికి తిరుపతి కేంద్రం. ఇక్కడి కతోలికులు 1976లో ఏర్పడిన కడప మేత్రాసన పరిధిలోనివారు. మరియమ్మ నిత్యకన్య అన్నది కతోలిక విశ్వాసం. నేటి ప్రొటెస్టెంట్లలో అధికులు దీనిని అంగీకరించరు.

వివాదానికి మూలం మత్తయి సువార్త 13:55. అక్కడ యాకోబు, యోసేపు, సీమోను, యూదా యేసు సహోదరులుగా పేర్కొనబడ్డారు. వీరు యోసేపు, మరియలకు తరువాత పుట్టినవారని 4వ శతాబ్దంలో హెల్విడియస్ వాదించాడు. యోసేపు మొదటి భార్య సంతానమని ఎపిఫానియస్ అభిప్రాయం. మరియ సోదరి కుమారులని సుమారు 383లో జెరోము ప్రతిపాదించాడు.

తెలుగు బంధుత్వ వ్యవస్థలో మొదటి వాదం ప్రకారం వీరు తమ్ముళ్లు. రెండవదాని ప్రకారం అన్నలు. మూడవదాని ప్రకారం పెద్దమ్మ లేదా పిన్నమ్మ కొడుకులు, అయినా వరుసకు అన్నదమ్ములే. 'అన్న' అన్నా 'తమ్ముడు' అన్నా అనువాదకుడు ఒక పక్షం వహించినట్లే. 'సహోదర' శబ్దం వయోభేదాన్ని చెప్పదు. అయితే గ్రీకు 'అడెల్ఫోస్' వలెనే దీని వ్యుత్పత్తి 'ఏకగర్భజనితుడు'. వ్యుత్పత్తి హెల్విడియస్‌కు అనుకూలం. తోటి విశ్వాసిని సైతం సహోదరుడనే సంఘ వ్యవహారం విస్తృతార్థానికి అనుకూలం.

శాఖాభేదమూ సరళరేఖ కాదు. లూథర్ స్వయంగా నిత్యకన్యత్వాన్ని విశ్వసించాడు. 1537 నాటి ష్మాల్కాల్డ్ సూత్రాల లాటిన్ పాఠంలోనూ ఆ విశేషణం ఉంది. కనుక ఈ భేదాన్ని నిర్ణయించేది నిఘంటువు కాదు, ఆయా సంఘాలు సంప్రదాయానికి ఇచ్చే ప్రామాణ్యమే.