భిక్షుణీ సంఘం

బౌద్ధంలో సన్యాసం స్వీకరించిన స్త్రీల సమూహమే భిక్షుణీ సంఘం. సంప్రదాయం ప్రకారం దీనికి ఆద్యురాలు మహాప్రజాపతి గౌతమి. ఆమె మాయాదేవి చెల్లెలు, శుద్ధోదనుడి భార్య, తల్లి లేని సిద్ధార్థుణ్ణి, అంటే తర్వాత బుద్ధుడైన వాణ్ణి, పెంచి పెద్దచేసిన పినతల్లి.

సంఘం పుట్టిన తీరును సంఘ నియమాల గ్రంథమైన వినయపిటకంలోని చుల్లవగ్గ చెబుతుంది. కపిలవస్తులో గౌతమి దీక్ష ఇమ్మని మూడుసార్లు అడిగింది. బుద్ధుడు మూడుసార్లూ కాదన్నాడు. ఆమె ఊరుకోలేదు. జుట్టు తీయించుకుని, కాషాయం కట్టి, శాక్య స్త్రీలను వెంటబెట్టుకుని వైశాలి దాకా నడిచింది. వాచిన కాళ్లతో, ఒళ్లంతా దుమ్ముతో వాకిట నిలబడి ఏడుస్తున్న ఆమెను బుద్ధుడి శిష్యుడు ఆనందుడు చూశాడు. లోపలికి వెళ్లి అతడు వేసిన ప్రశ్నే ఈ కథకు ఆయువుపట్టు: ఇల్లు విడిచి వచ్చిన స్త్రీకి అర్హత్వం, అంటే పూర్తి విముక్తి, సాధ్యమేనా? సాధ్యమేనని బుద్ధుడు ఒప్పుకున్నాడు.

ఒప్పుకుంటూనే ఎనిమిది గురుధర్మాలు విధించాడట. మొదటి దాని ప్రకారం, దీక్ష తీసుకుని నూరేళ్లయిన భిక్షుణి కూడా ఆ రోజే దీక్ష పొందిన భిక్షువుకు లేచి నమస్కరించాలి. ఈ నియమాలు నిజంగా బుద్ధుడివేనా అని పలువురు పండితులు సందేహిస్తారు. సందేహం సబబైనదే. స్త్రీలు రెండేళ్లు శిక్షణ పొంది, భిక్షు, భిక్షుణీ సంఘాలు రెండింటి దగ్గరా దీక్ష తీసుకోవాలని వాటిలో ఒకటి చెబుతుంది. అప్పటికి ఒక్క భిక్షుణి కూడా లేదే, మరి భిక్షుణీ సంఘం ఎక్కడిది? గౌతమి సైతం మొదటి నియమాన్ని మౌనంగా భరించలేదు. ఎవరు ముందు దీక్ష తీసుకున్నారో చూసి ఒకరికొకరు నమస్కరించేలా మార్చమని ఆనందుడి చేత అడిగించింది. ఫలితం లేకపోయింది.

ఆ స్త్రీల గొంతు వినాలంటే థేరీగాథ చదవాలి. బౌద్ధ మూల గ్రంథాల సముదాయమైన పాలి త్రిపిటకంలో చేరిన ఈ 73 కవితల సంపుటి, స్త్రీల కవిత్వానికి ప్రపంచంలో దొరుకుతున్న అతి ప్రాచీన సంకలనాల్లో ఒకటి. ముత్త అనే థేరి, అంటే పెద్ద భిక్షుణి, రోలు, రోకలి, మొగుడు మూడింటి నుంచీ బయటపడ్డానని సంబరపడుతుంది. దాసిగా బతికిన పుణ్ణిక, చలిలో మునకలేస్తున్న బ్రాహ్మణుణ్ణి నిలదీస్తుంది: నీళ్లకే పాపం పోతే కప్పలూ తాబేళ్లూ స్వర్గానికి పోవూ? ఆడదాని బుద్ధికి జ్ఞానం అందదని వెక్కిరించిన మారుడితో, అంటే సాధకులను దారి తప్పించే దుష్టశక్తితో, నిలకడైన మనసుకు ఆడతనం అడ్డెలా అవుతుందని సోమ వాదిస్తుంది. ఇక ధమ్మదిన్న ఏకంగా తన పూర్వపు భర్తకే ధర్మం బోధించింది. తనను అడిగినా ఇదే చెప్పేవాణ్ణని బుద్ధుడు మెచ్చుకున్నట్టు మజ్ఝిమనికాయం చెబుతోంది. స్త్రీని తక్కువ చేసిన నియమాలూ, ఆ తక్కువతనాన్ని తోసిపుచ్చిన మాటలూ ఒకే త్రిపిటకంలో పక్కపక్కనే ఉన్నాయి.

తెలుగు నేలపై అమరావతి స్తూప శాసనాల్లో దాతలుగా భిక్షుణుల పేర్లు కనిపిస్తాయి. నాగార్జునకొండలో మహాచైత్యానికి పెద్ద దాత ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి సోదరి చాంతిసిరి. సోదరుడు అశ్వమేధం చేసిన వైదికుడు, సోదరి బౌద్ధానికి అండ. అక్కడే బోధిసిరి అనే ఉపాసిక, అంటే గృహస్థ భక్తురాలు, చైత్యగృహం కట్టించింది. కృష్ణాతీరంలో బౌద్ధం అంతగా వెలగడానికి ఈ స్త్రీల సొమ్మూ శ్రద్ధా ముఖ్య కారణాలు.

క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడి కూతురు సంఘమిత్త శ్రీలంకలో భిక్షుణీ సంఘాన్ని స్థాపించింది. 5వ శతాబ్దంలో సింహళ భిక్షుణులు చైనా వెళ్లి అక్కడి స్త్రీలకు దీక్ష ఇచ్చారు. 11వ శతాబ్దం నాటికి లంకలో ఆ పరంపర అంతరించినా చైనా, కొరియా, వియత్నాంలలో నిలిచింది. ఆ తూర్పు దేశాల భిక్షుణుల సాయంతోనే 1996లో సారనాథ్‌లో, 1998లో బుద్ధగయలో శ్రీలంక స్త్రీలు మళ్లీ పూర్తి దీక్ష పొందారు.

థాయిలాండ్‌లో మాత్రం స్త్రీలకు దీక్ష ఇవ్వరాదని 1928లో సంఘ పెద్దలు ఆజ్ఞ జారీ చేశారు. ఆచార్యురాలిగా పనిచేసిన చత్సుమర్న్ కబిల్‌సింగ్ 2003లో శ్రీలంకకు వెళ్లి పూర్తి దీక్ష తీసుకుని ధమ్మనందా భిక్షుణి అయ్యారు. ఆమె దీక్షను థాయి సంఘం గుర్తించలేదు.